ఎదురుకాళ్ళ ఖమ్రున్నీసా

కుట్టుమిషను పెడల్ మీద ఎడమ కాలు ఉందో లేదో ఖమ్రున్నీసా వంగి చూసుకుంది. ఉంది. బొటనవేలికి చుట్టిన గుడ్డపట్టీతో సహా ఉండాల్సిన చోటే ఉంది. కాకపోతే తొక్కడం మానేసి ఊరికే ఆనుకుని ఉంది. సూది ఆగిపోయినా ఆమె చేయి మాత్రం చీర అంచును తోస్తూనే ఉండడంతో గుడ్డంతా ముడతపడి సూది ముందు కుప్పయింది. తనలో తాను తిట్టుకుని, దారం తెంపి, ఈసారి కుడి కాలు పెట్టి మొదలుపెట్టింది. ప్రొద్దుటూరు చీరల అంగళ్ళ నుంచి వచ్చే చీరలకు ఫాల్ కుట్టడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో పట్టిన పని, ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి. కాలిని కళ్ళతో చూసుకుంటూ మిషను తొక్కాల్సిన రోజు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

పొట్టి మనిషి. గుండ్రటి భుజాలు, ఎప్పుడూ నూనె రాసి బిగించిన పలుచని జడ, కళ్ళ కింద కొంచెం ఉబ్బు. ఆమెను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇవేవీ చూడరు. సరాసరి పాదాల వంక చూస్తారు. అవి వెడల్పాటి పాదాలు. మడమల నిండా పగుళ్ళు, వేళ్ళ మధ్య ఎడం, అరికాలు చింతబెరడులాగా మొద్దుబారిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ కాళ్ళకు చెప్పు తొడగలేదు. తొడగనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

ఆమె తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు, తల వెనకగా వచ్చింది. అట్లా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ పాదానికి గుణం ఉంటుందని ఆ ప్రాంతమంతా నమ్ముతారు. నడుము పట్టేసినవాడు బోర్లా పడుకుంటే వీళ్ళు ఎడమ కాలితో తొక్కితే చాలట, పట్టు వదిలిపోతుంది. భూమి లోపల నీళ్ళుంటే ఆ కాలికి తెలుస్తుందట. బంగారముంటే ఇంకా బాగా తెలుస్తుందట. చెప్పు తొడిగితే మాత్రం గుణమంతా చెప్పులోకి దిగిపోతుందట. ఈ ‘అట’లన్నీ కలిసి ఒక ఆడమనిషిని యాభై ఏళ్ళు కంపల్లో, రాళ్ళల్లో, తారురోడ్ల మీద వట్టికాళ్ళతో నడిపించాయి. నడిపించినవాళ్ళందరికీ చెప్పులున్నాయి.

ఆ పొద్దున కూడా ఒకాయన వచ్చాడు. ఏదో అంగట్లో గుమస్తా. నడుము మీద చేయి వేసుకుని మూలుగుతూ లోపలికొచ్చి, అడక్కుండానే నాపరాళ్ళ నేల మీద బోర్లా పడుకున్నాడు. ఖమ్రున్నీసా మిషను ఆపి, గోడ పట్టుకుని, ఎడమ కాలు ఎత్తింది.

"కట్టు తీసి తొక్కమ్మా," అన్నాడాయన నేల మీద నుంచే. "గుడ్డ అడ్డముంటే గుణం యాడ తగుల్తాది?"

ఆమె కట్టు విప్పింది. వేలు కొస నల్లగా ఉంది, పక్కన చర్మం తడిగా తెల్లబడి ఉంది. తొక్కించుకున్నాయన లేచి నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, "వదిలిపాయ," అని సంతోషంగా వెళ్ళిపోయాడు. ఆ వేలు ఎట్లా ఉందో ఆయన చూడలేదు. ఆమె కూర్చుని కట్టు మళ్ళీ కట్టుకుంది. గట్టిగా లాగి ముడి వేసినా నొప్పి లేదు. అదే ఆమెకు భయంగా ఉంది.

నిన్న ఆసుపత్రిలో నర్సు ఏంజెల్ ఆ వేలును చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. జమ్మలమడుగు పిల్ల, మాట కాస్త కరుకు, చేయి మాత్రం మెత్తన. "పెద్దమ్మా, రేపు పెద్ద డాక్టరు వస్తాడు. మధ్యాహ్నంలోపల రా. ఈ నలుపు వేలికాడనే ఆపాల, పైకి పాకితే నా చేతిలో ఉండదు. ఉత్తకాళ్ళతో నడవాకు. షుగరు మాత్ర ఏసుకుంటే అరగంటలో తినాల. తినకపోతే వణుకొస్తాది, చెమట పడతాది, కండ్లు తిరుగుతాయి. అప్పుడు ఏదన్నా తీపి నోట్లో ఏసుకో." ఇన్ని మాటలు ఆమెతో, ఆమె మొహం చూస్తూ చెప్పినవాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. అందుకని ఒక్కటీ మరిచిపోలేదు.

మాత్ర మింగి, ఇడ్లీలు పళ్ళెంలో పెట్టుకుంది. మొదటి ముక్క తుంచుతుండగా భర్త అబ్దుల్ సలాం గడప దాటి వచ్చాడు. దూదేకులవాళ్ళు, ఇంట్లో కూడా తెలుగే. సలాం వాళ్ళు తాత ముత్తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. ఊళ్ళోకి స్పంజి పరుపులు వచ్చి ఆ పనిని మింగేశాయి. ఇప్పుడు సలాంకు లోకంలో మిగిలిన హోదా ఒకటే, ఎదురుకాళ్ళ ఖమ్రున్నీసా మొగుడు. ఆ హోదాతోనే, ఆమెను పిలుచుకుపోయేవాళ్ళ బొలెరోల్లో ముందు సీటు ఎక్కుతాడు.

"తినాకు," అన్నాడు. "రాజశేఖర్ బండి సందు మొగదల ఉండాది."

"మాత్ర ఏసుకున్నా. తినకపోతే కండ్లు తిరుగుతాయని ఏంజెలమ్మ సెప్పింది. ఈపొద్దు పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలని నీకూ సెప్పింది గదా."

"నువ్వు చేన్లల్లో నిలబడేది ఎప్పుడూ పరగడుపునే గదా. ఒక్క పూట ఓర్చుకో. వచ్చేటప్పుడు ఆసుపత్రికాడ దించుతామని మాట తీసుకున్నా." అంటూ పళ్ళెం మీద మూత పెట్టేశాడు. పెట్టాక ఆమె మొహం వైపు చూడలేదు.

రాననడం ఆమెకు తెలియక కాదు. అనేక సార్లు అంది. ఆ మాట ఎవరి చెవినా పడదు, ఎందుకంటే వాళ్ళు పిలిచేది ఆమెను కాదు. వాళ్ళు కాలిని పిలుస్తారు. కాలు రానని చెప్పదు కదా.

రాజశేఖర్‌ది పులివెందుల. అరటికాయల వ్యాపారం, తోటలు, కొత్తగా కట్టిన మేడ. మర్యాదస్థుడు, గొంతు పెంచి మాట్లాడడు. సలాంను ‘మామా’ అంటాడు, ఆమెను ‘అత్తా’ అంటాడు. అన్నీ ఉన్నవాడికి ఇంకా ఏం తక్కువైందో దేవుడికే తెలియాలి, గుప్తనిధుల పిచ్చి పట్టింది. సలాంను ముందు కూర్చోబెట్టి, ఖమ్రున్నీసాను వెనక సీట్లో గడ్డపారల పక్కన కూర్చోబెట్టాడు. జమ్మలమడుగు దాటి పెద్దముడియం దారి పట్టారు. దారంతా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"ఏమంటాంది మామా ఈ మధ్య కాలు?"

"శానా ముదిరింది రాజశేఖరప్పా. రాత్రిపూట మండుతాదంట. కారం పూసినట్ల. నిద్ర పోదు."

"మంటంటే మంచిదే గదా."

మంచిదే. ఈ ‘మంచిదే’ ఎట్లా మొదలైందో చెప్పాలి. ఖమ్రున్నీసాకు తెలిసింది నీళ్ళ సంగతి ఒక్కటే. చిన్నతనంలో పొలాల్లో నిలబడితే కొన్నిచోట్ల పిక్క లోపల చల్లగా ఏదో పైకి పాకినట్టుండేది, మోకాటి చిప్ప కింద బరువు పడేది, నోట్లో నీరు ఊరేది. ఆ చోట తవ్వితే కొన్నిసార్లు నీళ్ళు పడ్డాయి, కొన్నిసార్లు పడలేదు. పడినవే జనం చెప్పుకున్నారు. బంగారం సంగతికి వస్తే ఒకే ఒక్కసారి. పాత గోడ పునాది దగ్గర నిలబడి, "నాయనా, కాలు సుర్రుమంటాంది," అంది. అక్కడ తవ్వితే ముంతలో చంటిబిడ్డ వెండి కడియాలు దొరికాయి. అది మే నెల, మిట్టమధ్యాహ్నం. ఎవరి కాలైనా సుర్రుమంటుంది. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. ఆ కడియాల కథ ఊరూరా తిరిగి, తిరిగినకొద్దీ బంగారమై, కడవలై ఆమె మెడకు చుట్టుకుంది.

రెండేళ్ళుగా అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టు. సలాం ఆ సంగతి టీ అంగట్లో చెప్పాడు, అంతే. ఎదురుకాళ్ళమ్మ కాలు మేల్కొందని కడప దాకా పాకింది. షుగరు జబ్బు కాళ్ళ నరాలను తినేస్తోందని ఏంజెల్ చెప్పేదాకా ఆమె కూడా, సిగ్గుగా ఉన్నా, కొంత నమ్మింది. రాత్రంతా ఇంట్లో మంచం మీదే మండుతుంటే ఆ మంచం కింద ఎందుకు తవ్వలేదని సలాంను అడగొచ్చు. అడిగితే ఏం చెప్తాడో కూడా తెలుసు. మంచం కింది నాపరాయి ఒకటి లేపి చూశాడు మరి.

శనగ కోసేసిన నల్లరేగడి చేను. నెర్రెలు విచ్చి ఉంది. ఒక పక్కన కూలిపోయిన రాతి మండపం, దాని చుట్టూ కంప. పాళెగాడెవడో పారిపోతూ ఇక్కడ బంగారం పూడ్చాడని ఎవరో రాజశేఖర్‌కు చెప్పారు. సేద్యపు కుంట తవ్వుతున్నామని ఊళ్ళో చెప్పి రాజశేఖర్ మనుషులు జేసీబీని తెచ్చి నిలిపారు. పొద్దు బాగా ఎక్కింది. ఖమ్రున్నీసా బండి దిగి నిలబడగానే అందరూ ఆమె మోకాళ్ళ కింద చూపు నిలిపారు.

"నడవమను మామా," అన్నాడు రాజశేఖర్. ఆమె అక్కడే, చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది.

నడిచింది. నేల వేడిగా ఉందని కళ్ళకు తెలుస్తోంది, కాలికి తెలియడం లేదు. దూది మీద నడుస్తున్నట్టుంది. అడుగు ఎక్కడ పడుతోందో చూసుకోకపోతే పడిపోతానని తల వంచుకుని నడిచింది. తల వంచి భూమిని వింటోందని వాళ్ళు అనుకున్నారు. కంప పక్కగా తిరిగి మండపం దగ్గరికి వచ్చేసరికి పెదవులు తిమ్మిరెక్కాయి. నుదురు మీద చల్లని చెమట పట్టింది. గుండె దడదడలాడింది. వేళ్ళ కొసల్లో మొదలైన వణుకు మోచేతుల దాకా వచ్చి, దవడలు పట్టుకుంది. కళ్ళు తిరిగి ఎండ నల్లబడింది. ఏంజెల్ చెప్పినవన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా వస్తున్నాయి. ఆమె మండపం బండ మీద నిలబడిపోయింది.

"వచ్చె," అన్నాడు వెనక ఎవరో, గుసగుసగా.

రాజశేఖర్ చెప్పులు విడిచేశాడు. సలాం కూడా చేతులు కట్టుకున్నాడు.

"శక్కెర ఉంటే ఇయ్యండప్పా," అంది ఖమ్రున్నీసా. నాలుక మందంగా తిరిగింది. "బెల్లం ముక్కన్నా ఇయ్యండి. తొందరగా."

"తీపి అడుగుతాంది మామా," అన్నాడు రాజశేఖర్. "లక్ష్మమ్మ తీపే అడుగుతాదంట."

పూజకని తెచ్చిన బెల్లం వాళ్ళ దగ్గర ఉంది. కొబ్బరికాయతో పాటు, పసుపు గుడ్డలో అచ్చు బెల్లం. ఒక మనిషి కళ్ళ ముందు నిలబడి, వణుకుతూ, తీపి పెట్టండని అడుగుతోంది. ఆ బెల్లాన్ని రాజశేఖర్ భక్తిగా రెండు చేతులతో తీసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. నోటికి ఇవ్వాలని అక్కడున్న ఒక్కడికీ తోచలేదు. అడిగింది ఆమె కాదు కదా, కింద ఉన్న లక్ష్మి అడిగింది.

ఖమ్రున్నీసా కూలబడింది. రెండు చేతులతో ఆ బెల్లాన్ని పట్టుకుని, మట్టితో సహా కొరికింది. దవడలు కుదరక కొంత గడ్డం మీదికి కారింది. నమిలింది, మింగింది, మళ్ళీ కొరికింది. కాసేపటికి కళ్ళ ముందు నలుపు విడిపోయి ఎండ కనిపించింది. చుట్టూ మొగవాళ్ళు దండం పెడుతూ నిలబడి ఉన్నారు. అంత అవమానం ఆమె జన్మలో ఎరుగదు. కుక్కకైనా కొంచెం దూరం నుంచి విసిరి, తినమని పిలుస్తారు.

"ఒప్పుకునింది మామా," అన్నాడు రాజశేఖర్.

"నేను ఒప్పుకోలేదు," అందామె. కూర్చునే అంది, గట్టిగానే అంది. "ఇది నిధి గాదు, షుగరు. మాత్ర ఏసుకుని తినకుండా వచ్చినా గాబట్టి వణుకొచ్చింది. కాలు మండేదీ షుగరే. నాకు ఈడ ఏమీ తెలీలేదు. ఎప్పుడూ తెలీలేదు. నా కాలు నాకే తెలీడం ల్యా."

రాజశేఖర్ ఆమె వైపు చూసి దయగా నవ్వాడు. ఆ రోజు అతను ఆమెతో నేరుగా అన్న మొదటి మాట ఇదే.

"నీకేం తెలుసు అత్తా. తెలిసేది నీ కాలికి."

ఆమె సలాం వైపు చూసింది. అతను బండ వైపు చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది. మండపం రాయి మీద ఎర్రటి పాదం ముద్ర ఉంది. దాని వెనక ఇంకొకటి. కంప దగ్గర నుంచి వరసగా వచ్చాయి. ఎడమ మడమలో సీమతుమ్మ ముల్లు మొదలుదాకా దిగి విరిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియదు.

సలాం మోకాళ్ళ మీద కూర్చుని, గోళ్ళతో పట్టు దొరక్క, పళ్ళతో ఆ ముల్లు లాగాడు. భుజం మీది తువ్వాలు చించి కట్టాడు.

"నొప్పిగా ఉండాదా?"

"ల్యా," అంది. "ఉంటే బాగుండు."

ఆ ముద్ర చుట్టూ రాజశేఖర్ ముగ్గుపిండితో గీత గీశాడు. నేల రక్తం కూడా తీసుకుందని, ఇక అనుమానం లేదని అతని నమ్మకం. జేసీబీ బండను పక్కకు లాగి తవ్వడం మొదలుపెట్టింది. నల్లమట్టి వచ్చింది, కింద సున్నపు గడ్డలు వచ్చాయి, ఆ కింద రాయి వచ్చింది. ఆసుపత్రికి పొద్దు పోతోందని సలాం రెండుసార్లు గుర్తుచేశాడు. చివరిదాకా కాలు ఇక్కడే ఉండాలి, మధ్యలో పోతే బంగారం జరిగిపోతుందని రెండుసార్లూ ఒకటే జవాబు. ఖమ్రున్నీసా బండి నీడలో కూర్చుని, ఈగలు వాలకుండా కాలు మీద కొంగు కప్పుకుంది. పొద్దు వాలేదాకా రాయి తప్ప ఏమీ రాలేదు. ఎవరో రాకూడనివాడు చేలో అడుగుపెట్టాడని, అందుకే నిధి జరిగిపోయిందని తేల్చుకున్నారు. పెద్ద డాక్టరు వెళ్ళిపోయిన చాలాసేపటికి ఆమెను సందు మొగదల దించారు.

మర్నాడు ఆసుపత్రిలో ఏంజెల్ కట్టు విప్పి సలాం వైపు తిరిగింది.

"నిన్న యాడికి పోయినారు?"

సలాం గోడను చూశాడు. నలుపు వేలు దాటి పాదం మీదికి పాకింది. మడమ గాయం చుట్టూ ఉబ్బి, పిక్క దాకా ఎర్రగా సాగింది. రెండు రోజులు మందులెక్కించి చూశారు. ఆ తర్వాత మోకాలి కింద తీసేశారు.

తీసిన కాలును తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చేటప్పుడు ఏంజెల్ ఒక ప్లాస్టిక్ చీటీ మీద నీలం సిరాతో ‘ఖమ్రున్నీసా, ఎడమ కాలు’ అని రాసి, దారంతో గట్టిగా కట్టింది. "మనిషిది పెద్దయ్యా," అంది సలాంతో. "పేరు ఉండాల." మనిషి శరీరంలో ఏది తెగినా మట్టికి అప్పజెప్పాలి కాబట్టి సలాం ఆ మూటను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కబరస్తాన్‌కు నడిచాడు. అక్కడి సమాధులు చూసుకునే ముజావర్ ఓ పక్కన చిన్న గుంత తీసిచ్చాడు. కూడా ఎవరూ రాలేదు. కప్పిన మట్టి మీద సలాం నీళ్ళు చల్లి, చాలాసేపు నిలబడి వచ్చాడు.

ఖమ్రున్నీసా ఇంటికొచ్చిన వారానికి సలాం పోయి చూస్తే ఆ గుంత తవ్వి ఉంది. కాలు లేదు. గుడ్డ కూడా లేదు. దారం కోసిపడేసిన చీటీ ఒక్కటే అడుగున ఉంది. పేరు ఉంటే అది ఒకామె కాలు అవుతుంది. పేరు తీసేస్తే ఎవరి చేతిలోనైనా పని చేసే సామాను అవుతుంది. తీసుకుపోయినవాళ్ళకు ఆపాటి తెలివి ఉంది. ఎదురుకాళ్ళమ్మ వచ్చినా రాకపోయినా, అలసిపోయినా, షుగరని అరిచినా, ఇక బాధ లేదు. కాలు ఒక్కటే చాలు, అదీ నోరు లేనిది.

సలాం చీటీ జేబులో వేసుకుని ఠాణాకు పోయాడు. అక్కడున్నాయన విని, నవ్వు ఆపుకుని, "గొడ్డు పోయిందంటే రాసుకుంటాం, మనిషి పోయినాడంటే రాసుకుంటాం. కాలు పోయిందంటే ఏమని రాసుకోవాలప్పా?" అన్నాడు. ఆమెకు చెప్పకూడదనుకున్నాడు సలాం. పక్కింటి దిల్షాద్‌బీ నోట పొద్దు గూకక ముందే తెలిసిపోయింది.

ఆమె ఏడవలేదు. "నాకు తెలుసు," అంది. లేని కాలు ఆమెకు తెలుస్తూనే ఉంది. ఉన్నన్నాళ్ళు మొద్దుబారిన కాలు, పోయాక పూర్తిగా ప్రాణం పోసుకుంది. వేళ్ళు ఎవరో నలిపినట్టుండేది. అరికాలిని ఎవరో గట్టి నేల మీద అదిమినట్టుండేది. మంచం మీద ఉన్నట్టుండి ముందుకు వంగి, ఖాళీ దుప్పటిని తడుముకునేది. కాలు తెగినవాళ్ళకు కొన్నాళ్ళు అట్లాగే ఉంటుందని, నరాలు మోసం చేస్తాయని ఏంజెల్ చెప్పింది. ఆమె తల ఊపింది కానీ నమ్మలేదు. తన కాలి గురించి తాను చెప్పేది నిజమైనప్పుడల్లా నమ్మేవాళ్ళు లేకపోతే ఎట్లా.

రాజశేఖర్ చూడ్డానికి వచ్చాడు. పండ్ల గెల తెచ్చి గోడకు ఆనించి, తల దించుకుని మర్యాదగా కూర్చున్నాడు. తర్వాత సలాంను అడిగాడు.

"ఆ కుడి కాలు ఎట్లుండాది మామా? దాంట్లో మంట ఏమన్నా ఉండాదా?"

సలాం లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఖమ్రున్నీసా అతని మొహం అట్లా చూడలేదు. కానీ అతను నోరు తెరవకముందే ఆమె మాట్లాడింది.

"నా కాలు యాడ పెట్టినావప్పా?"

"నాకేం తెలుసు అత్తా."

"నీకు తెలీకపోతే నీ కాలికి తెలుసేమో, అడుగు." ఆమె గొంతు లేవలేదు. "రేపు సచ్చినాక అల్లా ముందర నేను లేచి నిలబడాల. యాభై ఏండ్లు మీ చేన్లల్లో నిలబడినా. ఆ ఒక్క దినం నా కోసరం నిలబడాల. దానికి నా కాలు నాకుండాల. తెచ్చియ్యి."

అతను సలాం మొహం చూసి లేచాడు. బయటికి నడిచాడు. సలాం ఆ గెలను ఈడ్చుకుంటూ వెళ్ళి అతని బండి మీద పడేసి వచ్చాడు. ఆలస్యంగానే అయినా, ఆ పని చేశాడు. కాలు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేదు.

ఆ తర్వాత ఆమె చీరలు పట్టలేదు. జ్వరం వస్తూ పోతూ ఉండేది. సలాం అంట్లు తోమి, అన్నం వండి, మాత్ర వేశాక ఆమె తినేదాకా పక్కన కూర్చునేవాడు. రోజూ బయటికి పోయి జమ్మలమడుగు, పెద్దముడియం వైపు ఊళ్ళల్లో విచారించి, ఉత్త చేతులతో తిరిగొచ్చి స్టవ్వు ముట్టించేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె కళ్ళు తెరిచి, "ఇదో, కాలికి ఎండ తగుల్తాంది," అంది. "ఎండలో పెట్టినారు. ఎండబెడతాండారు."

జీవితమంతా ఆ కాలు చెప్పిందని ఊళ్ళు తిప్పినవాడు, ఏమంటుందో అని నలుగురిలో చెవి ఒగ్గినవాడు, సలాం ఇప్పుడు ఒక్క మాట అడగలేకపోయాడు. ఏ దిక్కున, ఏ నేల మీద అని అడిగితే చెప్పేదేమో కూడా. దుప్పటి అందుకుని, లేని కాలి మీద కప్పి, అంచులు పరుపు కిందికి దోపాడు.

"ఇప్పుడో?"

"తగల్లేదు," అంది. నిద్రపోయింది. సాయంత్రం టీ కలిపి తెచ్చి పిలిస్తే పలకలేదు.

దిల్షాద్‌బీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి నీళ్ళు పోశారు. తెల్లగుడ్డ చుట్టేటప్పుడు ఎడమ పక్క చదునుగా పడిపోయింది. దిల్షాద్‌బీ చూడలేక ఓ పాత చీర ముక్కను చుట్ట చుట్టి అక్కడ పెట్టింది. మనిషి నిండుగా ఉన్నట్టు కనబడింది. మరుసటి పొద్దున ఆమెను మట్టిలో దించాక, జనం పిడికిళ్ళతో మన్ను వేస్తుంటే, సలాం జేబులోంచి చీటీ తీసి వంగాడు.

"అది ప్లాస్టిక్ అప్పా," అన్నాడు ముజావర్, చేయి పట్టుకుని మెల్లగా. "మట్టిలో కలవదు. తియ్యి."

సలాం చీటీని పిడికిట్లో పట్టుకుని పక్కకు జరిగాడు. మన్ను కప్పారు, నీళ్ళు చల్లారు, దువా చేసి ఒక్కొక్కరే వెనుదిరిగారు. చివరికి సలాంను కూడా ఎవరో భుజం పట్టి నడిపించుకుపోయారు. తడిమట్టి మీద, ఆమె ఎడమ వైపున, తెగిన దారంతో అతను పెట్టిపోయిన చీటీ ఉంది. ఆ తడికి కొంత సిరా కారినా, పేరు మాత్రం చదవడానికి వస్తోంది.